టై కట్టుకుంటే మనమెవరో తెలిసిపోతుందా?

మన కాలేజీల్లో పర్సనాలిటీ డెవలప్‌మెంట్ క్లాసు ఎలా ఉంటుందో చదివినవాళ్లందరికీ తెలుసు. వైజాగ్ నుంచో హైదరాబాద్ నుంచో ఒక ట్రైనర్ గారు దిగుతారు. కాలర్ మైకు, చేతిలో స్లైడ్లు మార్చే రిమోటు, మొదటి స్లైడ్‌లో సముద్రంలో మంచుకొండ, రెండో దాంట్లో డేగ. షేక్‌హ్యాండ్ ఎలా ఇవ్వాలి, ఎదుటివాళ్ల కళ్లల్లోకి ఎంతసేపు చూడాలి, టై ముడి ఎక్కడిదాకా రావాలి, ఇలా మూడు గంటలు నడుస్తుంది. చివర్లో గ్రూప్ ఫొటో, సర్టిఫికెట్లు, సమోసా, టీ. మర్నాడు ఆ ఫొటో ఫేస్‌బుక్‌లో పడుతుంది, అదృష్టం బాగుంటే జిల్లా ఎడిషన్‌లో చిన్న వార్త కూడా వస్తుంది.

ఆ ట్రైనర్ల మీద నాకు కోపమేమీ లేదు, వాళ్ల పొట్టకూటి పని వాళ్లది. నాకు ఒళ్లు మండేది ఎక్కడంటే, పద్దెనిమిదేళ్ల పిల్లలు "అసలు నేనెవర్ని, నాకేం కావాలి, నాకేది పడదు" అని తేల్చుకునే అంత పెద్ద పనిని మనం ఆ మూడు గంటల ఖాతాలో రాసేసి చేతులు దులుపుకుంటాం చూడండి, అక్కడ.

నేను శ్రీకాకుళం జిల్లాలో ఒక డిగ్రీ కాలేజీలో గెస్ట్ లెక్చరర్‌ని. కాలేజీ పేరు వద్దులెండి, రేపు పొద్దున్న మళ్లీ అదే స్టాఫ్‌రూమ్‌లో కూర్చుని టీ తాగాలి. పుట్టి పెరిగింది విజయనగరం వైపు. ఈ రెండు జిల్లాల పిల్లల్నే చూశాను కాబట్టి వాళ్ల గురించే రాస్తున్నాను. ఢిల్లీలోనో బెంగళూరులోనో పెద్ద పెద్ద క్యాంపస్‌ల సంగతి వేరు.

బీఈడీ చేసినవాళ్లకి మనస్తత్వవేత్త ఎరిక్ ఎరిక్సన్ పేరు చెబితే చాలు, డీఎస్సీ బిట్లు గుర్తొస్తాయి. మనిషి ఎదుగుదలలో ఎనిమిది దశలు, ఐదోది కౌమారం, పాత్ర గుర్తింపు, పాత్ర సందిగ్ధం. బిట్టు వరకు అందరికీ నోటికొచ్చు. ఆయన చెప్పిన అసలు ముక్క మాత్రం గైడులో ఉండదు. పిల్లల నెత్తిన పెద్దవాళ్ల బరువు పెట్టేముందు సమాజం వాళ్లకి కొంత గడువు ఇవ్వాలని, ఆ గడువులో వాళ్లు ఇదీ అదీ చేసి చూసి, కొన్ని వదిలేసి, కొన్ని పట్టుకుని తమదంటూ ఒక దారి ఏర్పరచుకుంటారని ఆయన అంటాడు. తర్వాత 1966లో జేమ్స్ మార్సియా అనే ఆయన దీన్ని రెండు ప్రశ్నలకు కుదించాడు. నువ్వు వెతికావా? ఏదో ఒకటి ఖాయం చేసుకున్నావా? వెతికి ఖాయం చేసుకున్నవాళ్లు కొందరు, ఇంకా వెతుకుతున్నవాళ్లు కొందరు, వెతకనూ లేదు ఖాయమూ చేసుకోలేదు అన్నవాళ్లు కొందరు. నాలుగో రకం ఉన్నారు, వాళ్లు వెతకలేదు, కానీ ఖాయం చేసేసుకున్నారు. అంటే వాళ్ల తరఫున ఇంకెవరో ఖాయం చేశారు.

మా ఫస్టియర్ క్లాసులో సగం మంది ఈ నాలుగో రకమే. ఇంటర్‌లో ఎంపీసీ ఎందుకు తీసుకున్నావమ్మా అంటే మావయ్య చెప్పాడంటుంది. బీకామ్ కంప్యూటర్స్ ఎందుకురా అంటే పక్కింటి అన్నకి అందులోనే ఉద్యోగం వచ్చిందంటాడు. పదో తరగతి అయిన వేసవిలో, మామిడిపళ్లు ఇంకా అయిపోకముందే, వాళ్ల బతుకు ఏ వైపు పోవాలో తేలిపోయి ఉంటుంది. తర్వాత రెండేళ్లు రెసిడెన్షియల్ కాలేజీలో తెల్లవారుజామున లేపి రాత్రి దాకా కూర్చోబెడతారు. అక్కడ ఆలోచించడానికి టైమెక్కడిది?

అలాగని మావయ్యని తిట్టను. రెండెకరాల మెట్ట ఉన్న ఇంట్లో పిల్ల చదువు ఇంటిల్లిపాదీ కలిసి పెట్టే పెట్టుబడి, అందులో మావయ్యకీ మాట ఉంటుంది. డబ్బున్న ఇళ్లల్లో పిల్లాడు ఇంజినీరింగ్ సగంలో మానేసి ఫొటోగ్రఫీ చేస్తానంటే ఓ ఏడాది ఊరుకోగలరు. మన దగ్గర ఏడాది ఊరుకోవడమంటే ఫీజు రీయింబర్స్‌మెంట్ పోవడం, అప్పు మీద వడ్డీ, ఊళ్లో మాటలు, ఆడపిల్లయితే పెళ్లి సంబంధాలు. వెతుక్కోవడానికి ఖర్చవుతుంది, ఆ ఖర్చు మన ఇళ్లు పెట్టలేవు. అందుకే మన పిల్లలకి ఎరిక్సన్ చెప్పిన ఆ గడువు దొరికితే గిరికితే డిగ్రీ మూడేళ్లలోనో, యూనివర్సిటీ రెండేళ్లలోనో దొరకాలి, ఇంకెక్కడా దొరకదు. ఈ ఒక్క మాట చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను. ఎచ్చెర్ల ట్రిపుల్ ఐటీ లాంటి చోట అయితే ఇది ఇంకా గట్టిగా వర్తిస్తుంది, పదో తరగతి అవగానే చేరి ఆరేళ్లు అక్కడే ఉంటారు కాబట్టి పదిహేనేళ్ల నుంచి ఇరవై ఒకటి దాకా, మనిషి మనిషిగా తయారయ్యే వయసంతా ఆ ప్రహరీ లోపలే గడుస్తుంది.

సరే, మరి యూనివర్సిటీ ఏం చేయాలి?

ముందు మాట తీరు సంగతి. మొన్నామధ్య మా దగ్గర ఫైనలియర్ వాళ్లకి మాక్ ఇంటర్వ్యూలు పెట్టారు, నన్నూ ప్యానెల్‌లో కూర్చోబెట్టారు. వచ్చిన ప్రతివాళ్లూ ఒకటే పాఠం. మైసెల్ఫ్ ఫలానా, ఐ యామ్ కమింగ్ ఫ్రమ్ మిడిల్ క్లాస్ ఫ్యామిలీ, మై స్ట్రెంత్ ఈజ్ హార్డ్ వర్క్, మై వీక్‌నెస్ ఈజ్ ఐ ట్రస్ట్ పీపుల్ ఈజీలీ. పొద్దుట్నుంచి మధ్యాహ్నం దాకా వచ్చినవాళ్లందరికీ అదే బలహీనత! మనుషుల్ని తేలిగ్గా నమ్మేస్తారట. ఒక బీకామ్ కుర్రాడు మధ్యలో ఆగిపోయాడు, తర్వాతి లైను గుర్తురాలేదు, చెమటలు. పక్కనున్న సార్ నెక్స్ట్ అనబోతుంటే నేను తెలుగులో అడిగాను, మీదే ఊరు నాన్నా అని. సముద్రం ఒడ్డున ఒక పల్లె పేరు చెప్పాడు. మీ నాన్నగారు వేటకెళ్తారా? "ఎల్తారు మేడమ్. ఇప్పుడు ఈరావల్లో ఉన్నారు." గుజరాత్‌లోని వేరావల్. మన తీరం నుంచి వలస వెళ్లి అక్కడి బోట్ల మీద నెలల తరబడి పనిచేసేవాళ్లు ఎంతమందో.

మరి ఇక్కడి పడవ ఎవరు చూస్తున్నారంటే చిన్నాన్న అన్నాడు. నువ్వేం చేస్తావు? కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత చిన్నగా, "లెక్కలు నానే రాత్తాను మేడమ్" అన్నాడు. అడిగితే అన్నీ చెప్పుకొచ్చాడు. పడవ ఒడ్డుకి రాగానే అమ్మిన సొమ్ములోంచి ముందు డీజిలు, ఐసు ఖర్చు తీసేస్తారు. మిగిలినదాంట్లో పడవకో వాటా, వలకో వాటా, ఎక్కిన మనుషులకు తలో వాటా. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం కాబట్టి ఆ రెండు నెలలకీ ఎవరెవరు ఎంత బాకీ వాడుకున్నారో వేరే పేజీ. తొమ్మిదో తరగతి నుంచీ రాస్తున్నాడట. వాటా తేడా వస్తే పెద్దవాళ్లు కూడా ఇతని పుస్తకం చూసే మాట్లాడతారట. ఇదంతా తన శ్రీకాకుళం యాసలో, ఎక్కడా తడబడకుండా, చేతులూపుతూ చెప్పాడు. అంతకుముందు కుర్చీ అంచున కూర్చుని వణికిన కుర్రాడు ఇతనేనా అనిపించింది. మరి ఇది ఇంటర్వ్యూలో ఎందుకు చెప్పలేదురా అంటే నావైపు వింతగా చూశాడు.

"ఇది కూడా సెప్పొచ్చా మేడమ్?"

మూడేళ్లు బీకామ్ చదివాడు. మూడేళ్లలో ఒక్క మాస్టారూ, ఒక్క మేడమూ (అందులో నేనూ ఉన్నాను, కాకపోతే నేను వాళ్లకి చెప్పేది వేరే సబ్జెక్టు) మీ ఇంట్లో లెక్కలు ఎలా రాస్తారు అని ఒక అసైన్‌మెంట్ ఇవ్వలేదు. పార్ట్‌నర్‌షిప్ అకౌంట్స్ చాప్టర్‌లో ఎ, బి, సి అనే ముగ్గురు ఎక్కడివాళ్లో తెలియకుండా లాభాలు పంచుకుంటూనే ఉన్నారు. ఇంటి దగ్గర తాను ఒక మనిషి, క్లాసులో ఇంకో మనిషి, ఆ ఇద్దరికీ పరిచయమే లేదు. వాళ్లిద్దర్నీ ఒకచోట కూర్చోబెట్టడమే యూనివర్సిటీ చేయగలిగిన సాయం, దానికి పైసా ఖర్చు లేదు. ఇంటర్నల్ మార్కుల్లో ఒక అసైన్‌మెంట్ మార్చితే చాలు.

యాస అన్నాను కదా, దాని గురించి ఇంకొంచెం. సినిమాల్లో మన యాస ఎవరి నోట పెడతారో మీకు తెలుసు, పనిమనిషి, తాగుబోతు, నవ్వించే పాత్ర. మన పిల్లలు హైదరాబాద్ వెళ్లగానే మొట్టమొదట చేసే పని "ఏటి" అనే మాటని నోట్లోనే మింగేయడం. అంత దూరం ఎందుకు, జిల్లా కేంద్రంలో కాలేజీలో చేరగానే మింగేస్తారు. 2021-22 నుంచి డిగ్రీ కోర్సులన్నీ ఇంగ్లిష్ మీడియంలోకి మారాయి, దానితో పెద్ద పేచీ లేదు, ఇంగ్లిష్ కావాల్సిందే. కానీ ఇంగ్లిష్ రాక, ఉన్న తెలుగు పలకడానికి సిగ్గుపడి, రెండిటి మధ్యా నోరు మూసుకుని మూడేళ్లు వెనక బెంచీలో కూర్చునే పిల్లల్ని నేను రోజూ చూస్తున్నాను. ఇది జరుగుతున్నది ఎక్కడ? గురజాడ అప్పారావు పాఠాలు చెప్పిన విజయనగరం గడ్డ మీద, శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో 1863లో పుట్టి, జనం మాట్లాడే భాషే రాతకీ బడికీ కావాలని పోరాడిన గిడుగు రామమూర్తి జిల్లాలో. ఆగస్టు 29న ఆయన ఫొటోకి దండ వేస్తాం, ఉపన్యాసం మాత్రం గ్రాంథికంలో దంచుతాం.

శ్రీకాకుళం ఊళ్లోనే కథానిలయం ఉంది. కాళీపట్నం రామారావు మాస్టారు 1997లో పెట్టారు, తెలుగు కథలన్నీ ఒకచోట చేర్చాలని. ఆ ఊళ్లోనే మూడేళ్లు చదివి ఆ గుమ్మం ఎక్కని పిల్లలు ఎందరో. ఒకసారి నాలుగు జీపుల్లో కాదు, వాళ్ల బస్‌పాసులతోనే తీసుకెళ్లి, మీ ఊరి మాటలో రాసిన కథ ఒకటి వెతికి తెచ్చి క్లాసులో చదవండి అంటే ఏమవుతుంది? తెలుగు డిపార్ట్‌మెంట్ వాళ్లే ఈ పని చేయాలని ఎక్కడా రాసి లేదు.

ఇప్పుడు దీనికి రెండో వైపు కూడా ఉంది. పిల్లల నేపథ్యాన్ని గౌరవించడం అనగానే మనవాళ్లు వేషం కట్టిస్తారు. సీతంపేట వైపు నుంచి వచ్చిన ఒక సవర అమ్మాయి బీఎస్సీ చదివేది. యాన్యువల్ డే వచ్చిందంటే చాలు, ముఖ్య అతిథి గారికి స్వాగతంగా ధింసా ఆడమని ఆ అమ్మాయి మీద పడేవాళ్లు. ధింసా అరకు వైపు ఆట. సవరల ఆట వేరు, డప్పు వేరు, పాట వేరు. ఇది మాది కాదు సార్ అంటే, "ఏదో ఒకటిలేమ్మా, ట్రైబల్ డాన్సే కదా" అన్నారు. ఆ అమ్మాయికి ఇష్టమైనది మైక్రోబయాలజీ. ల్యాబ్‌లో స్లైడ్ మీద స్టెయిన్ వేయడంలో ఆ బ్యాచ్‌లో ఆమె తర్వాతే ఎవరైనా. స్టేజీ మీద ఆమెని పిలిచింది ఒక్కసారి కూడా దాని కోసం కాదు. తను సవర అని చెప్పుకోవడానికి ఆమెకేం నామోషీ లేదు, అయితే రోజుకి ఇరవై నాలుగు గంటలూ అదొక్కటే అయి ఉండాలంటే ఎవరికైనా విసుగొస్తుంది. ఎప్పుడు ఏ పేరుతో పిలిపించుకోవాలో ఆమె చేతిలో ఉండాలి. 2019లో చట్టం చేసి విజయనగరంలో కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయం పెట్టారు, మంచిదే. అక్కడి పిల్లలకీ ఈ మాటే వర్తిస్తుందనుకుంటాను. తమ భాష మీద పరిశోధన చేస్తానంటే చేయనివ్వాలి, నాకు జర్నలిజం చాలు నన్నొదిలేయండి అంటే దానికీ అంతే మర్యాద ఇవ్వాలి. గిడుగు వారు సవర భాష నేర్చుకుని దానికి వ్యాకరణం, నిఘంటువు తయారుచేసినప్పుడు సవరల చేత డాన్సు చేయించలేదు, వాళ్ల దగ్గర కూర్చుని మాట నేర్చుకున్నారు.

కులం దగ్గరికి వద్దాం, దాటేసి పోతే ఈ రాతకి అర్థం లేదు. కొత్త పిల్ల హాస్టల్‌లో ట్రంకుపెట్టె దించకముందే "మీరేటోళ్లు?" అని అడిగేస్తారు. ఆ అడగడం ఆపడం యూనివర్సిటీ చేతిలో లేకపోవచ్చు. కానీ స్కాలర్‌షిప్ బయోమెట్రిక్ వేయాలని అటెండర్ క్లాసులోకి వచ్చి ఎస్సీలు లేవండి, ఎస్టీలు లేవండి అని గట్టిగా చదవడం ఆపవచ్చు కదా. ఫోన్‌కి ఒక మెసేజ్ పెడితే పోయేదానికి అరవైమంది ముందు నిలబెట్టాలా? సమాన అవకాశాల సెల్ ఉండాలని, వివక్ష మీద ఫిర్యాదు తీసుకునే అధికారి ఉండాలని 2012లోనే యూజీసీ నిబంధనలు తెచ్చింది. చాలాచోట్ల ఆ సెల్ ఒక బోర్డు. ఆ బోర్డు కింద కుర్చీలో ఎవరు కూర్చుంటారో మా స్టాఫ్‌లోనే సగం మందికి తెలియదు.

మెంటరింగ్ అని ఇంకోటి ఉంది. ఇరవై పాతికమంది పిల్లలకి ఒక లెక్చరర్ మెంటర్, నెలకోసారి కూర్చుని మాట్లాడాలి, రిజిస్టర్ రాయాలి. కాగితం మీద ఎంత చక్కటి ఏర్పాటో. కాలేజీలకి గ్రేడులిచ్చే న్యాక్ టీమ్ వస్తుందంటే వారం ముందు స్టాఫ్‌రూమ్‌లో రెండు రంగుల పెన్నులతో రెండేళ్ల రిజిస్టర్లు పుట్టుకొస్తాయి. "స్టూడెంట్ ఈజ్ ఫేసింగ్ డిఫికల్టీ ఇన్ ఇంగ్లిష్. అడ్వైజ్డ్ టు రీడ్ న్యూస్‌పేపర్." ఇదే వాక్యం పాతికమంది పేజీల్లో. ఏ కాలేజీ అని అడగకండి, మీ కాలేజీయే అనుకోండి. పిల్లకి నిజంగా మాట్లాడాలనుంటే ఆ మాట రిజిస్టర్‌లో ఎక్కదని నమ్మకం ఉండాలి, మెంటర్ చేతిలో తన ఇంటర్నల్ మార్కులు ఉండకూడదు. ఈ రెండూ సరిచేస్తే మిగతావి వాటంతటవే కుదురుతాయని నా అభిప్రాయం. సీనియర్లలోంచి ఒకరిని జత చేసినా మంచిదే, ర్యాగింగ్ భయంతో సీనియర్లకీ జూనియర్లకీ మధ్య గోడ కట్టేశాం కానీ, ఒకే మండలం నుంచి వచ్చిన అక్క చెప్పే మాట మా మాటకంటే తొందరగా ఎక్కుతుంది.

కౌన్సెలర్ల సంగతి. 2025 జులైలో సుప్రీంకోర్టు, విశాఖలో కోచింగ్ తీసుకుంటున్న ఒక విద్యార్థిని మృతి కేసులో, విద్యాసంస్థలన్నిటికీ మార్గదర్శకాలు ఇచ్చింది. 100 మంది, అంతకుమించి విద్యార్థులున్నచోట అర్హత ఉన్న కౌన్సెలరో సైకాలజిస్టో సోషల్ వర్కరో ఉండాలని, మార్కుల్ని బట్టి బ్యాచ్‌లుగా విడగొట్టొద్దని అందులో ఉంది. మంచి తీర్పు. కానీ కౌన్సెలింగ్ రూమ్‌ని ప్రిన్సిపల్ చాంబర్ పక్కన, అందరూ ఫీజు కట్టే క్యూకి ఎదురుగా పెడితే ఎవరు వెళ్తారు? వెళ్లిన పిల్లకి సాయంత్రానికల్లా పిచ్చిదని పేరు పడుతుంది. లైబ్రరీ వెనకో, ఎన్‌ఎస్‌ఎస్ గది పక్కనో, వేరే పని మీద వెళ్తున్నట్టు వెళ్లగలిగేచోట పెట్టాలి. అంతదాకా ఆగలేనివాళ్లకి మానసిక ఆరోగ్యానికి ప్రభుత్వం పెట్టిన హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416 ఉంది, తెలుగులో మాట్లాడతారు, డబ్బులు పడవు. ఈ నంబరు ఐడీ కార్డు వెనక వేయించమని అడిగాను, అక్కడ ఇప్పటికే ఫీజు గడువు నిబంధనలు ఉన్నాయట, జాగా లేదట.

కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు మీద నాకు భలే ఆశ ఉండేది, ఇప్పటికీ కొంత ఉంది. ఫస్టియర్ అయ్యాక పిల్లలు ఏదో ఊరు తీసుకుని సర్వే చేసి, జనంతో పనిచేసి రిపోర్టు ఇవ్వాలి. ఇంతకంటే మంచి అవకాశం ఏముంటుంది? కానీ జిరాక్స్ షాపులో రెడీమేడ్ రిపోర్టులు దొరుకుతున్నాయి, ఊరి పేరు మార్చి స్పైరల్ బైండింగ్ చేసి ఇచ్చేస్తారు. ఉద్దానం నుంచి వచ్చే ఒక అమ్మాయి మాత్రం సొంత ఊరే తీసుకుంది. కిడ్నీ జబ్బు ఉన్న ఇళ్లకి వెళ్లి, డయాలసిస్‌కి వారంలో ఎన్నిసార్లు పోతున్నారు, ఎవరు తోడు వెళ్తున్నారు, ఆ రోజు కూలి పోతుందా లేదా, ఇవన్నీ రాసుకొచ్చింది. తోడు వెళ్లేవాళ్లలో ఎక్కువమంది కోడళ్లూ కూతుళ్లేనని, వాళ్ల కూలి ఎవరూ లెక్కలో వేయడం లేదని తనే గమనించింది, అది ప్రశ్నావళిలో లేదు. చిన్నప్పట్నుంచీ చూస్తున్న తన ఊరినే మొదటిసారి పెన్ను పట్టుకుని చూసిందన్నమాట. ఇప్పుడు ఎంఎస్‌డబ్ల్యూ (సోషల్ వర్క్‌లో పీజీ) చేస్తానంటోంది. ఇంట్లో బీఈడీ చేయమంటున్నారు, గొడవ నడుస్తోంది. నన్నడిగితే ఆ గొడవ నడవడమే మంచిది, కనీసం ఇప్పుడు గొడవపడటానికి ఆమె దగ్గర ఒక విషయం ఉంది. ఆమె రిపోర్టుకి ఎన్ని మార్కులు పడ్డాయి? జిరాక్స్ షాపు రిపోర్టులకి పడినన్నే. వైవాకి వచ్చినాయన పేజీలు తిప్పలేదు, అట్ట చూశాడు. ఆ వైవా పావుగంట నిజంగా జరిగితే, ఆ పిల్ల చూసినది ఒక పెద్దమనిషి కూర్చుని వింటే, పది పర్సనాలిటీ డెవలప్‌మెంట్ క్లాసులు దాని ముందు దిగదుడుపే.

ఆడపిల్లల గురించి, అబ్బాయో అమ్మాయో అన్న గీతల్లో ఇమడని పిల్లల గురించి విడిగా రాయాలి, ఇక్కడ రెండు ముక్కలు. ట్రాన్స్‌జెండర్ల హక్కుల మీద 2014లో సుప్రీంకోర్టు తీర్పు వచ్చాక అప్లికేషన్ ఫారంలో మూడో గడి చేరింది. ఫారం నింపి లోపలికొచ్చిన మనిషి ఏ బాత్రూమ్‌కి వెళ్లాలో చెప్పేవాళ్లు లేరు. ఆడపిల్లలైతే కాలేజీలో ఫొటో దిగడానికి కూడా లెక్కలు వేసుకోవాలి, గ్రూప్ ఫొటోలో పక్కన ఎవరు నిలబడ్డారో ఊళ్లో ఎవరి ఫోన్‌లో తేలుతుందో అని. ఇలాంటివాళ్లకి "నీ మనసులో మాట ధైర్యంగా చెప్పు" అని మైకులో చెప్పడం తేలిక. చెప్పాక వచ్చే పరిణామాలు మైకు పట్టుకున్నవాళ్లకి ఉండవు.

ఇక బస్సు. నవ్వకండి, నా దృష్టిలో అన్నిటికంటే పెద్ద అడ్డం ఇదే. మా పిల్లల్లో హాస్టల్ వాళ్లకంటే రోజూ వచ్చిపోయేవాళ్లే ఎక్కువ. పాలకొండ వైపు, రాజాం వైపు, టెక్కలి వైపు, కొందరైతే ఆమదాలవలస స్టేషన్లో పాసింజర్ దిగి ఆటో పట్టుకుని వస్తారు. సాయంత్రం నాలుగు దాటిందంటే క్లాసులో ఒక్కరి చూపూ బోర్డు మీద ఉండదు. ఆ బస్సు తప్పితే తర్వాతది చీకటి పడ్డాకే. 2025 ఆగస్టు నుంచి ఆడవాళ్లకి బస్సు ఫ్రీ అయింది, డబ్బు బాధ తప్పింది, టైము బాధ అలాగే ఉంది, పైగా నిలబడటానికి కూడా చోటు ఉండట్లేదు. ఇప్పుడు చెప్పండి, డ్రామా క్లబ్, డిబేట్, రేడియో, ఫొటోగ్రఫీ, ఏది పెట్టినా మనం పెట్టేది "కాలేజీ అయ్యాక". అంటే అవి హాస్టల్ అబ్బాయిలకీ, టౌన్లో ఇళ్లున్నవాళ్లకీ. ఎవరికి ఎక్కువ అవసరమో వాళ్లు ఆ టైముకి బస్సు కమ్మీ పట్టుకుని వేలాడుతుంటారు. స్టేజీ ఎక్కి మాట్లాడి చూడటం, ఒక ఆట ఓడిపోయి చూడటం, నాటకంలో ఇంకొకరిలా ఉండి చూడటం, ఒక సమావేశం నడిపి తిట్లు తిని చూడటం, మనిషికి తన గురించి తెలిసేది ఇలాంటి చోటే. అది టైమ్‌టేబుల్ లోపల ఉండాలి, కెమిస్ట్రీకి ఉన్నట్టే దానికీ పీరియడ్ ఉండాలి, మార్కులు మాత్రం ఉండకూడదు. మార్కులుంటే మళ్లీ పక్కవాడి నోట్స్ చూసి రాసేస్తారు.

పోయిన నెల ప్రిన్సిపల్ గారిని పట్టుకుని ఇదే అడిగాను. వారానికి ఒక పీరియడ్, బుధవారం లంచ్ తర్వాతది, సిలబస్ లేకుండా వదిలేయండి, పిల్లలు ఏం చేస్తారో వాళ్లనే తేల్చుకోనివ్వండి, నేను గది మూలన కూర్చుంటాను అన్నాను. ఆయన మంచాయనే, కాసేపు ఆలోచించి సరేనన్నారు, అయితే అటెండెన్స్ వేయాలన్నారు, రిపోర్టు ఇవ్వాలన్నారు, ఫొటోలు తప్పనిసరి అన్నారు. అటెండెన్స్‌కి ఒప్పుకున్నాను, రిపోర్టు ఏడాదికి ఒకటే ఇస్తానన్నాను. ఫొటోల దగ్గర ఇంకా బేరం నడుస్తోంది. ఈలోపు పడవ లెక్కల కుర్రాడి జూనియర్లు ఇద్దరు వచ్చి, మేడమ్, ఆ పీరియడ్‌లో మేం ఏమీ చేయకుండా కూర్చోవచ్చా అని అడిగారు. కూర్చోండన్నాను.